లెవెల్ 2 అడాస్ (డ్రైవర్‌కు సాయపడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఉన్న కారు తనంతట తానే నడుస్తుందా?

నడవదు, స్టీరింగ్‌నీ, వేగాన్నీ కారే సర్దుతున్నా డ్రైవర్ మీరే, రోడ్డు మీంచి చూపు తిప్పకూడనిదీ మీరే. కారు తనంతట తాను ఎంతవరకు నడవగలదో చెప్పడానికి ఎస్ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ పెట్టిన 0 నుంచి 5 వరకున్న స్థాయిల్లో 2 దాకా అన్నీ డ్రైవర్‌కు సాయం చేసేవే.

చూపు తిప్పకూడదనడానికి ఒక ముఖ్య కారణం, ముందున్న వాటిని రేడియో తరంగాలతో కనిపెట్టే రాడార్ పనితీరులో ఉంది. కదిలే బండి వేగాన్ని అది చక్కగా పట్టేస్తుంది. కదలని వాటితోనే చిక్కు. సైన్‌బోర్డు, రెయిలింగ్, వంతెన కూడా రాడార్ తరంగాలను వెనక్కి పంపుతాయి. వాటన్నిటికీ బ్రేక్ పడితే వెనకవాళ్లు వచ్చి గుద్దేస్తారు. అందుకే చాలా సిస్టమ్‌లు హైవే వేగంలో నిలిచి ఉన్న వస్తువులను పెద్దగా లెక్కలోకి తీసుకోవు.

హైదరాబాద్-విజయవాడ హైవే మీద రాత్రిపూట 100 కి.మీ. వేగం సెట్ చేసి, ఒక కారు వెనకాల వెళ్తున్నారనుకోండి. ఆ కారు చటుక్కున పక్క లేన్‌లోకి తప్పుకుంది. ఎదురుగా టెయిల్ లైట్లు లేని లారీ ఆగి ఉంది. దారి ఖాళీ అయిందనుకుని మీ కారు ఇంకాస్త వేగం పెంచవచ్చు కూడా. ఆ వేగంలో సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటిపోతాం! ఫోన్ నుంచి తల ఎత్తేలోపే లారీ మీదికి వచ్చేస్తుంది.

‘ఆటో బ్రేక్ ఉందిగా, అదే ఆపుతుంది’ అని చాలామంది ధైర్యంగా ఉంటారు. అది పొరపాటు. ఎమర్జెన్సీ బ్రేక్ కొన్నిసార్లు ప్రమాదాన్ని తప్పిస్తుంది, కొన్నిసార్లు దెబ్బ తీవ్రతను మాత్రమే తగ్గిస్తుంది. వర్షంలో, మంచులో, కెమెరా అద్దానికి బురద పట్టినప్పుడు అసలు పనిచేయకపోవచ్చు.