ఐలెట్ కణాల (క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల) మార్పిడి తర్వాత షుగర్ రోగి జీవితం నిజంగా మెరుగవుతుందా?

మెరుగవుతుంది, ముఖ్యంగా షుగర్ ఉన్నట్టుండి పడిపోయి స్పృహ తప్పే టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని రకం షుగర్) రోగులకు, ఇన్సులిన్ పూర్తిగా మానలేకపోయినా సరే.

ఏళ్ల తరబడి టైప్ 1 ఉన్న కొందరికి షుగర్ పడిపోయేటప్పుడు రావాల్సిన చెమట, వణుకు, గుండెదడ రావడం మానేస్తాయి. నేరుగా స్పృహే పోతుంది. ఒంటరిగా పడుకోవాలన్నా, బండి తీయాలన్నా భయం. ఇంట్లోవాళ్లకూ రాత్రి కంటిమీద కునుకుండదు. మరణించిన దాత క్లోమం నుంచి వేరుచేసిన ఐలెట్ కణాలను కాలేయానికి వెళ్లే పోర్టల్ సిరలోకి ఎక్కిస్తారు. అవి అక్కడ కుదురుకుని, గ్లూకోజ్ పెరిగితే ఇన్సులిన్ వదులుతాయి, తగ్గితే తగ్గించేస్తాయి. ఇంజెక్షన్‌తో ఆ వీలు లేదు, ఒంట్లోకి వెళ్లిన డోసును వెనక్కి తీయలేం.

కెనడాలోని ఎడ్మంటన్ వైద్యులు ఏడుగురికి ఇలా చేసి 2000లో ఫలితాలు ప్రకటించారు, అందరూ ఇన్సులిన్ మానేశారు. తర్వాత ఎక్కువమందిని గమనిస్తే, ఐదేళ్లకు ఇన్సులిన్ అక్కర్లేనివారు దాదాపు 10 శాతమే. కానీ సుమారు 80 శాతం మందిలో కణాలు ఎంతోకొంత పనిచేస్తూనే ఉన్నాయి. ప్రమాదకరంగా షుగర్ పడిపోకుండా కాపాడేది ఆ కొంతే.

అందుకే 'మళ్లీ ఇన్సులిన్ మొదలైంది కాబట్టి మార్పిడి విఫలమైంది' అనుకోవడం పొరపాటు. 'షుగర్ జబ్బే పోతుంది' అనుకోవడమూ అంతే. దాత కణాలను శరీరం తిప్పికొట్టకుండా, అవి పనిచేసినన్నాళ్లూ రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడాలి. వాటితో నోటిపూత, ఇన్‌ఫెక్షన్లు, కిడ్నీలపై భారం తప్పకపోవచ్చు. ఇన్సులిన్ పంపు, గ్లూకోజ్ సెన్సార్‌తో అదుపులో ఉన్నవారికి అంత మూల్యం చెల్లించాల్సిన అవసరం లేదు.