బసూన్ కళాకారుడు ఉక్రెయిన్ శాస్త్రీయ సంగీతానికి ప్రచారకుడు కాగలడా?

కాగలడు, కానీ ఊదడం ఒక్కటే వస్తే చాలదు. బసూన్ సుమారు రెండున్నర మీటర్ల చెక్క గొట్టాన్ని మడిచి చేసిన మంద్రస్థాయి వాయిద్యం. నాదస్వరంలో లాగే రెండు రెల్లు పలకల మధ్య గాలి ఊదాలి. దానికోసమే రాసిన సోలో రచనలు తక్కువ, అందులో ఉక్రెయిన్‌వి మరీ తక్కువ. కాబట్టి ఈ దారి పట్టినవారు పాత స్వరప్రతులు వెతకాలి, గాత్ర రచనలను బసూన్‌కు మలచుకోవాలి, కచేరీ నిర్వాహకుల చుట్టూ తిరగాలి. నన్నడిగితే అసలు కష్టం ఈ తిరగడమే.

వెతకడం ఎందుకంటారా? సోవియట్ కాలంలో కొన్ని రచనలు తొక్కిపెట్టారు, కొన్నింటిని మార్పించారు. ఉక్రెయిన్ స్వరకర్త లియటోషిన్‌స్కీ మూడో సింఫనీనే (ఆర్కెస్ట్రా కోసం రాసే పెద్ద రచన) చూడండి. 1951 నాటి ఆ రచన చివరి భాగానికి ‘శాంతి యుద్ధాన్ని జయిస్తుంది’ అని శీర్షవాక్యం పెట్టారు. అది అధికారులకు మింగుడుపడలేదు. వాక్యం తీసేసి, ముగింపు తిరగరాశాకే 1955లో లెనిన్‌గ్రాడ్‌లో వినిపించింది.

2022 యుద్ధంతో ఆసక్తి పెరిగింది. ఆ జులైలో ఉక్రేనియన్ ఫ్రీడమ్ ఆర్కెస్ట్రా ఉక్రెయిన్ స్వరకర్త సిల్వెస్ట్రోవ్ ఏడో సింఫనీని లండన్‌లో ఏటా జరిగే ప్రామ్స్ సంగీతోత్సవంలో వాయించింది. అయితే ఆర్కెస్ట్రాలో బసూన్‌కు దక్కేవి సాధారణంగా రెండు మూడు కుర్చీలే. ఏం వాయించాలో తామే తేల్చుకోవాలంటే ఫ్లూట్, ఓబో, క్లారినెట్, హార్న్‌లతో ఐదుగురి బృందం కట్టుకోవడం మేలు.