టామ్సులోసిన్ మొదలయ్యాక వీర్యం రావడం లేదు: సమాధానం
సర్, 64 ఏళ్ల వయసులో రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నానని, రెండు నెలలుగా ప్రోస్టేటు మందు టామ్సులోసిన్ 0.4 మి.గ్రా. వాడుతుంటే వీర్యం రావడం లేదని, అంగస్తంభన మాత్రం ఏడాదిగా తగ్గిందని రాశారు.

వీర్యం రాకపోవడం దాదాపుగా మందు వల్లే. ప్రోస్టేటు, మూత్రాశయం మెడ దగ్గరి కండరాలతో పాటు వీర్యాన్ని ముందుకు నెట్టే కండరాలనూ అది వదులు చేస్తుంది. ప్రమాదం లేదు, మందు ఆపితే మామూలుగా తిరిగి వస్తుంది. ఇదే రకం మందుల్లో సిలోడోసిన్‌తో ఇది ఇంకా ఎక్కువ, ఆల్ఫుజోసిన్‌తో తక్కువ. మార్చమని డాక్టరును అడగండి. మీ అంతట మీరు ఆపితే మూత్రం రాకుండా బిగుసుకుపోవచ్చు.

స్తంభన తగ్గడం మందు కంటే ముందే మొదలైంది కదా, కారణం వేరే వెతకాలి. షుగరు, బీపీ, రక్తనాళాలు బిరుసెక్కడం మూత్రం ఇబ్బందినీ, స్తంభన తగ్గడాన్నీ జంటగా తెస్తాయి. మూడు నెలల షుగరు సగటు, కొలెస్ట్రాల్, ఉదయం పూట టెస్టోస్టెరాన్ చూపించుకోండి. గుండె జబ్బుకు స్తంభన తగ్గడం ముందస్తు సూచన కావచ్చు, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు.

రోజూ టడలఫిల్ 5 మి.గ్రా. మాత్ర మూత్రం ఇబ్బందికీ, స్తంభనకూ రెంటికీ పనిచేస్తుంది. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవారు మాత్రం అసలు ముట్టకూడదు. టామ్సులోసిన్‌తో కలిస్తే బీపీ పడిపోయి కళ్లు తిరగవచ్చు, కాబట్టి డాక్టరు చెబితేనే.

వెళ్లేముందు 3 రోజులు ప్రతిసారీ మూత్రం కొలిచి, సమయంతో సహా రాసుకోండి. రాత్రి వచ్చేది రోజు మొత్తంలో మూడో వంతు దాటితే తప్పు ప్రోస్టేటు ఒక్కదానిదే కాకపోవచ్చు.