పచ్చరంగు వేసే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పటాన్‌చెరు వైపు మూతపడిన యూనిట్ల స్థలాల్లో మట్టి సర్వే నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. మట్టిలోని లోహాలను ఎక్స్‌రేతో కొలిచే ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ పట్టుకోవడం, బటన్ నొక్కడం కంపెనీవాళ్లు ఒక పూటలో నేర్పేస్తారు. నేను చెప్పదలుచుకున్నది వేరే. మ్యాప్ మీద కలుషితమని ఎర్రరంగు ఎవరైనా వేస్తారమ్మా, జాగ్రత్తంతా శుభ్రమని వేసే పచ్చరంగు దగ్గరే కావాలి. ఎర్రచుక్క పెట్టిన చోట మళ్లీ తవ్వుతారు, ల్యాబ్‌కి పంపుతారు, తప్పయితే అక్కడే తేలిపోతుంది. పచ్చగా చూపించిన చోటికి మళ్లీ ఎవరూ రారు. రేపు అక్కడే బోరు వేస్తారు, గేదెలు మేస్తాయి, పిల్లలు ఆడుకుంటారు.

అందుకే మిషన్ సున్నా చూపిస్తే, అక్కడ నిజంగా ఏమీ లేదా, లేక మిషన్‌కి కనబడలేదా అని ముందు అడుగు.

రసాయనాల ఆవిర్లను పసిగట్టే పీఐడీ మిషన్‌నే తీసుకో. మామూలుగా దాంట్లో ఉండేది 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల ల్యాంప్, ఆ శక్తికి లొంగే ఆవిర్లనే అది చూడగలదు. టోలీన్, ఎసిటోన్, బెంజీన్ ఆవిర్లు దానికి దొరుకుతాయి. మిథనాల్‌కి 10.85 కావాలి. ఎండీసీ (మిథిలీన్ డైక్లోరైడ్), క్లోరోఫామ్‌లకి 11 దాటాలి. ఆ మూడూ దానికి కనబడవు. బల్క్‌డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్లలో డ్రమ్ములకొద్దీ వాడేవి ఇవే కదా! సాల్వెంట్ (ద్రావకాల) షెడ్డు పక్కన తవ్విన మట్టిని జిప్ కవర్లో వేసి పీఐడీ పెడితే సున్నా వచ్చిందనుకో, దాన్ని 'శుభ్రం' అని రాస్తే ఊరివాళ్లకు అన్యాయం చేసినట్టే. 11.7 ల్యాంప్ ఉంది కానీ తేమకు త్వరగా పాడవుతుంది. అక్కడ పాత స్టాక్ రికార్డుల్లో ఎండీసీ పేరు కనిపిస్తే పీఐడీ మీద ఆధారపడకు. మట్టిని వెంటనే సీసాలో బిగించి, ఐస్ డబ్బాలో పెట్టి ల్యాబ్‌కి పంపు.

ఇక ఎక్స్‌ఆర్‌ఎఫ్. అది చూసేది పైన కొన్ని మిల్లీమీటర్ల మట్టినే. మూసేసిన స్థలాల్లో పైన కొత్త మొరం పోసి చదును చేయడం మామూలే. అలాంటి చోట గన్ పెడితే నీకు వచ్చేది మొరం లెక్క. ఆగర్ (మట్టి తొలిచే బర్మా) తీసుకెళ్లి అర మీటరు, మీటరు లోతు నుంచి మట్టి తీయించు. కూలీలు కష్టపడతారు, రోజుకి తక్కువ పాయింట్లు అవుతాయి, పర్వాలేదు. తేమ 20 శాతం దాటితే రీడింగ్ పడిపోతుంది. నల్లరేగడి వాన వెలిశాక కూడా చాలాకాలం తడి పట్టుకునే ఉంటుంది. నేల మీద పెట్టి తీసిన రీడింగ్‌ను ఎక్కడ తవ్వాలో తెలుసుకోవడానికి వాడుకో. రిపోర్టులో రాసే అంకె మాత్రం ఆరబెట్టి, దంచి, జల్లెడ పట్టిన మట్టిదే కావాలి.

సీసం, ఆర్సెనిక్ గీతలు గన్ చూపే స్పెక్ట్రమ్‌లో దాదాపు ఒకే చోట, 10.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పడతాయి. సీసం ఎక్కువగా ఉన్న చోట ఆర్సెనిక్‌కి 'ఎన్‌డీ' (నాట్ డిటెక్టెడ్, అంటే దొరకలేదు) వస్తే, లేదని అర్థం కాదు, సీసం దాన్ని కప్పేసిందేమో. ప్రతి ఎన్‌డీ పక్కన ఆ రీడింగ్‌కి డిటెక్షన్ లిమిట్ (మిషన్ పట్టుకోగల కనీస మోతాదు) ఎంతో రాయి. క్రోమియం అంకె మొత్తం క్రోమియానిది. అందులో ప్రమాదకరమైన క్రోమియం-6 (హెక్సావలెంట్) రకం ఎంతో గన్ చెప్పలేదు. దక్కన్ ట్రాప్ (పాత లావా రాతి) నేలల్లో క్రోమియం, నికెల్ సహజంగానే ఎక్కువ, కాబట్టి ఫ్యాక్టరీకి ఎగువన అదే రకం మట్టి తీసి పోల్చుకో.

ల్యాబ్‌కి ఎక్కువ వచ్చినవే పంపే అలవాటు చాలామందికి ఉంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వారి 6200 పద్ధతి ప్రకారం ఇరవైకి ఒకటైనా పంపాలి. అందులో తక్కువ వచ్చినవీ ఉండాలి. నేనైతే తక్కువ వచ్చినవే ఎక్కువ పంపమంటాను.

సాఫ్ట్‌వేర్ ఇంకో చిక్కు తెస్తుంది. రెండు పాయింట్ల మధ్య ఖాళీని తనే రంగుతో నింపేస్తుంది. మధ్యలో నాలా ఉందో, కట్ట ఉందో దానికి తెలియదు. అక్కడి నక్కవాగు గట్టున ఒక పక్క రీడింగ్‌ని రెండో పక్కకి పాకనివ్వకు. కొలవని చోటు తెల్లగానే వదిలెయ్. మ్యాప్ నిండుగా లేదని పైవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. 2025లో వచ్చిన కలుషిత స్థలాల నియమాల్లో ప్రాథమిక అంచనాకి 90 రోజులే గడువు, తొందర పెట్టడం ఖాయం.

ఆఫీసులో గీసిన గ్రిడ్ ఒక్కటే పట్టుకుని వెళ్లకు. పాత వాచ్‌మన్‌ని, బాయిలర్ దగ్గర పనిచేసినవాళ్లని, వాగు కింద పొలాలున్న రైతుల్ని కలువు. రాత్రిపూట వ్యర్థాల ట్యాంకర్ ఎక్కడ ఆగేది, ఏ మడిలో వరి ముందు ఎండింది అని అడుగు. పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు కాగితం, పెన్ను తర్వాత తీయి, ముందు కూర్చో. ఫలితాలు వచ్చాక మళ్లీ వెళ్లి వాళ్ల పొలం సంగతి వాళ్లకే తెలుగులో చెప్పాలి. అది వాళ్ల హక్కు.

గన్‌లో ఉన్నది ఎక్స్‌రే ట్యూబ్. ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) అనుమతి కాగితాలు ఉన్నాయో లేదో చూసుకో, మట్టిని చేత్తో పట్టుకుని గన్ పెట్టనివ్వకు.

పని మొదలయ్యే ముందు స్థలం స్కెచ్ గీసి నాకు వాట్సాప్‌లో పంపు. సాల్వెంట్ షెడ్డు, ఈటీపీ (వ్యర్థజలాలు శుద్ధిచేసే ప్లాంటు), బూడిద పోసిన చోటు గుర్తుపెట్టి పంపితే, ఆగర్ ఎక్కడ దించాలో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ పెదనాన్న