వెన్న తీసేసి పెరుగు వేస్తే కేకు సాగింది, ఎందుకు?

ప్రశ్న: మావారికి కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉందని డాక్టరు వెన్న తగ్గించమన్నారు. అందుకని బాబు పుట్టినరోజు కేకులో 200 గ్రాముల వెన్న మానేసి, సరిగ్గా 200 గ్రాముల పెరుగు వేశాను. మిగతావన్నీ మామూలే. పైన రంగు బాగానే వచ్చింది గానీ, కోస్తే లోపల తడితడిగా, సాగుతూ, చల్లారిన దిబ్బరొట్టెలా ఉంది. పెరుగు పులిసినందుకా? బిస్కెట్లకి కూడా ఇలా మార్చొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పులుపుది తప్పేం లేదండీ, తప్పంతా తూకంలో ఉంది. కొన్న వెన్నలో నూటికి 80 పాళ్లు కొవ్వే, నీళ్లు 16 పాళ్లకి అటూ ఇటూ. పెరుగు దీనికి పూర్తిగా తలకిందులు, 85 పాళ్లకి పైగా నీళ్లే ఉంటాయి. అంటే మీరు కొవ్వు తీసేసి ఆ చోట ముప్పావు గ్లాసు నీళ్లు పోశారన్నమాట. మైదాకి నీళ్లు తగిలితే పరోటా పిండిలా జిగురు పుడుతుంది, ఆ జిగురుని అదుపులో పెట్టేది కొవ్వే, అది లేకపోయేసరికి సాగింది. పైగా వెన్న, చక్కెర కలిపి గిలకొడతాం చూడండి, అప్పుడు లోపల చిక్కుకునే గాలే కేకుని సగం లేపుతుంది. పెరుగుని ఎంత గిలక్కొట్టినా ఆ పని జరగదు.

వెన్న రుచి పూర్తిగా పోకూడదంటే సగమే మార్చండి: 100 గ్రాముల వెన్న, 100 గ్రాముల గట్టి పెరుగు. గట్టి పెరుగంటే పల్చటి బట్టలో మూటకట్టి, ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు నీళ్లోడనిచ్చింది. (ఆ నీళ్లు పారబోయకండి, చపాతీ పిండికి బాగుంటాయి.) పాలు కలిపే కేకైతే పాలు కాస్త తగ్గించండి.

వెన్న అసలే వద్దంటే పాత కొలతల్ని సవరించే బదులు, గుడ్డు లేని పెరుగు కేకు చేసుకోవడమే నయం. కప్పు పెరుగులో ముప్పావు కప్పు చక్కెర కరగనిచ్చి, ఒకటింపావు చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా వేస్తే ఐదు నిమిషాల్లో నురగ పొంగుతుంది. మీరు భయపడిన పులుపే ఇక్కడ సోడాతో కలిసి గాలి బుడగలు పుట్టిస్తుంది. అర కప్పు నూనె పోసి, ఒకటిన్నర కప్పు మైదా జల్లించి, గరిటెతో పైపైన కలిపి వెంటనే ఓవెన్‌లో పెట్టేయండి, సీరియల్ అయ్యాక పెడదాంలే అనుకుంటే బుడగలన్నీ పోతాయి. 180 డిగ్రీల దగ్గర 35, 40 నిమిషాలు. పుల్ల గుచ్చి చూస్తే పిండి అంటకూడదు.

ఒక మాట, నూనె వేస్తే కేలరీలు తగ్గిపోవు. పొద్దుతిరుగుడు లాంటి నూనెల్లో వెన్నలో ఉన్నంత సంతృప్త కొవ్వు (కొలెస్ట్రాల్ పెంచే రకం) ఉండదు, అంతే. చక్కెర ఎక్కడికీ పోలేదు కాబట్టి మీవారికి చిన్న ముక్కే పెట్టండి.

బిస్కెట్లకి మాత్రం వద్దు. నాన్‌ఖటాయి గానీ ఉస్మానియా గానీ నోట్లో పెట్టగానే విరిగేది కొవ్వు వల్లే. నేనోసారి మొండిగా నాన్‌ఖటాయిలో పెరుగు కలిపితే మెత్తటి బన్నుల్లా ఉబ్బాయి, మా ఇంట్లో వాటికి జామ్ రాసుకుని తినేశారు.