విలీనాల కేసుల్లో పనిచేయాలంటే లా చదవాలా, ఎకనామిక్సా?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే బీఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరం. అమెరికాలో ఏటీ అండ్ టీ, టీ-మొబైల్ విలీనాన్ని ప్రభుత్వం అడ్డుకుందని చదివి, అలాంటి పనే చేస్తానంటోంది. లా చదివించాలా, ఎంఏనా? ఇక్కడ ఉద్యోగాలు దొరుకుతాయా?

జవాబు: ముందు ఆ కేసు సంగతి. రెండూ మొబైల్ ఫోన్ సేవల కంపెనీలు. టీ-మొబైల్ అమెరికా వ్యాపారాన్ని ఏటీ అండ్ టీ కొనేందుకు 2011 మార్చిలో 3,900 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. దేశమంతా సేవలందించే నాలుగు కంపెనీలు మూడైపోతాయంటూ అమెరికా న్యాయశాఖ ఆగస్టు 31న దావా వేసింది. తీర్పు దాకా పోకుండానే డిసెంబరులో ఏటీ అండ్ టీ తప్పుకుంది. విలీనమైతే ఎల్‌టీఈని (4జీని) 80 నుంచి 97 శాతం జనాభాకు విస్తరిస్తామని అది చెబుతూ వచ్చింది. ఆ విస్తరణకయ్యే ఖర్చు 380 కోట్ల డాలర్లేనని కంపెనీ తరఫు లేఖలోనే ఉంది. ఆ లేఖ పొరపాటున బయటపడింది. అంత తక్కువ ఖర్చుతో అయ్యే పనికి 3,900 కోట్ల విలీనం ఎందుకన్న ప్రశ్న వచ్చింది. ఈ రంగంలో వాదన నిలిచేదీ కూలేదీ ఇలాంటి అంకెల దగ్గరే.

కాబట్టి ఫీజు కట్టకముందే అమ్మాయి చేత ఒక లెక్క చేయించండి. ఒక్కో కంపెనీ మార్కెట్ వాటాను వర్గం (స్క్వేర్) చేసి కూడితే వచ్చేది హెచ్‌హెచ్‌ఐ, అంటే మార్కెట్ ఎంత కొద్ది కంపెనీల చేతుల్లో ఉందో చెప్పే సూచీ. వాటాలు 40, 30, 20, 10 అనుకుంటే 1600+900+400+100, అంటే 3000. చివరి రెండూ కలిస్తే 3400. ఏటీ అండ్ టీ కేసులో ఈ సూచీ దాదాపు 700 పెరిగి 3,100 దాటుతుందని న్యాయశాఖ దావాలో చూపించింది.

కూడిక ఎవరైనా చేస్తారు. చిక్కంతా ఏ వాటా తీసుకోవాలన్న దగ్గరే. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నెలనెలా ఇచ్చే చందాదారుల నివేదిక తెరిచి కర్ణాటక సర్కిల్ లెక్క వేయమనండి. మొత్తం సిమ్‌లతో ఒకసారి, యాక్టివ్‌గా ఉన్నవాటితో (అక్కడ వీఎల్‌ఆర్ అని ఉంటుంది) మరోసారి. వాడకుండా పడేసిన సిమ్‌లు ఎక్కువున్న కంపెనీ మొదటి లెక్కలో లేని బలంతో కనిపిస్తుంది. దేశం మొత్తాన్ని ఒకే మార్కెట్‌గా తీసుకుంటే ఒక సర్కిల్‌లోని గుత్తాధిపత్యం కనబడకుండా పోతుంది. అలాగని సూచీ ఒక్కటే తేల్చేయదు. టీ-మొబైల్, స్ప్రింట్ విలీనం కూడా నాలుగును మూడు చేసేదే అయినా 2020లో కోర్టు ఒప్పుకుంది. స్ప్రింట్ బలహీనపడిందనీ, శాటిలైట్ టీవీ కంపెనీ డిష్ కొత్తగా మొబైల్ రంగంలోకి వస్తుందనీ లెక్కలోకి తీసుకుంది.

ఈ తేడాల వెంట పడటం ఇష్టమైతే ఎంఏ ఎకనామిక్సే నయం. చెన్నైలో మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఇక్కడ బేస్ యూనివర్సిటీ ఉన్నాయి. బీఏలో మ్యాథ్స్ లేనివాళ్లు తడబడేది కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ దగ్గర. ఆ రెండూ ఇప్పుడే పట్టమనండి, డేటా లెక్కలకు వాడే ప్రోగ్రామింగ్ భాషలు ఆర్ గానీ పైథాన్ గానీ నేర్చుకోమనండి. లెక్క కన్నా సెక్షన్ చదివి వాదించడమే నచ్చితే మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ. నేషనల్ లా స్కూల్‌కైతే ఎన్‌ఎల్‌శాట్ రాయాలి. ఎల్‌ఎల్‌బీ లేకుండా కాంపిటీషన్ లాలో (కంపెనీల మధ్య పోటీని కాపాడే చట్టం) డిప్లొమా ఒక్కటే చేస్తే లాయరుగా నిలబడటం కుదరదు. అలాంటి డిప్లొమాల ప్రకటనలు చూసి డబ్బు పోయకండి.

ఉద్యోగాల మాట దాచకుండా చెప్పాలంటే, మన దేశంలో విలీనాలను పరిశీలించే కాంపిటీషన్ కమిషన్ ఢిల్లీలో ఉంది, ఈ పని చేసే లా సంస్థల బృందాలూ ఎక్కువగా అక్కడే. చెన్నైలో ఉన్నది కమిషన్ ప్రాంతీయ కార్యాలయం. బెంగళూరుకు కలిసొచ్చిన మార్పు ఒకటుంది: 2024 సెప్టెంబరు 10 నుంచి 2,000 కోట్ల రూపాయలు దాటిన ఒప్పందాలు, కొనబోయే కంపెనీకి టర్నోవరు తక్కువున్నా, భారత్‌లో దానికి గణనీయమైన వ్యాపారం ఉంటే కమిషన్ ముందుకు రావాలి. అంటే స్టార్టప్‌ల కొనుగోళ్లు కూడా. కమిషన్ ప్రాథమిక అభిప్రాయానికి 30 రోజులు, మొత్తం మీద 150 రోజులే గడువు. ఫైలింగ్‌లో మార్కెట్ డేటా తప్పుపోతే ఆ గడువుల్లో సర్దుకోవడం కష్టం. అందుకే కంపెనీల లీగల్ విభాగాలకు లెక్కలొచ్చిన మనుషులు కావాలి.

ఈ సెమిస్టర్ అయ్యేలోపు కమిషన్ వెబ్‌సైట్‌లో 2017 నాటి వొడాఫోన్–ఐడియా ఆర్డర్ చదివి, మార్కెట్‌ను ఎలా విడదీశారో రెండు పేజీల్లో రాయమనండి. కమిషన్ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ రెండు పేజీలు, కర్ణాటక లెక్క జత చేస్తే సరి.