సీమెన్స్ కంపెనీ పెట్టినాయన నిజంగా సైనికుడేనా?

అడిగింది ఇది: "సీమెన్స్ కంపెనీ పెట్టిన వెర్నర్ సీమెన్స్ ప్రష్యా (అప్పటి ఒక జర్మన్ రాజ్యం) సైన్యంలో ఆఫీసరట. నిజంగా సైనికుడేనా, చదువు కోసం పేరుకు చేరాడా?"

రెండూ నిజమే. చేరింది చదువు కోసమే. కానీ 1834 నుంచి 1849 దాకా పదిహేనేళ్లు యూనిఫాంలోనే ఉన్నాడు. ఆయన గురించి ఎక్కడ చదివినా ఈ పదిహేనేళ్లను ఒక్క వాక్యంలో దాటేసి నేరుగా 1866 నాటి డైనమో దగ్గరికి వెళ్లిపోతారు. ఆయన చెయ్యి తిరిగింది సైన్యంలోనే అని నేను గట్టిగా నమ్ముతాను.

వెర్నర్ ఫాన్ సీమెన్స్ అని పేరులో "ఫాన్" ఉంది కదా అని జమీందారీ కుటుంబం అనుకునేవాళ్లు చాలామంది. అది 1888లో వచ్చిన బిరుదు. అప్పటికి సైన్యం వదిలి దాదాపు నలభై ఏళ్లు. పుట్టింది 1816లో, హానోవర్ దగ్గర లెంథే ఊళ్లో, కౌలు రైతు ఇంట్లో. పద్నాలుగు మంది సంతానంలో నాలుగోవాడు. బెర్లిన్‌లో డబ్బు కట్టి ఇంజినీరింగ్ చదివించే స్తోమత ఆ ఇంటికి లేదు. సైన్యంలో చేరితే గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఖర్చు లేకుండా వస్తాయి. ఇంజినీర్ల దళంలో ఖాళీ కోసం చాలాకాలం ఆగాలని చెప్పడంతో మాగ్డెబర్గ్ ఫిరంగి దళంలో చేరాడు. 1835 నుంచి మూడేళ్లు బెర్లిన్ ఫిరంగి, ఇంజినీరింగ్ పాఠశాలలో చదివాడు. తర్వాత కొద్దికాలానికే తల్లీ తండ్రీ పోయారు. చిన్న తమ్ముళ్ల భారం లెఫ్టినెంట్ జీతం మీద పడింది. ప్రయోగాల పిచ్చికి డబ్బు అవసరం తోడైంది అక్కడే.

జైలు సంగతి చెప్పకుండా ఉండలేను. విటెన్‌బర్గ్‌లో పనిచేస్తున్నప్పుడు ఇద్దరు ఆఫీసర్ల ద్వంద్వ యుద్ధంలో ఒకరి తరఫున సాక్షిగా నిలబడ్డాడు. ఐదేళ్ల శిక్ష పడింది. మాగ్డెబర్గ్ కోటలో పెట్టారు. ఊళ్లో మందుల దుకాణంతో మాట్లాడుకుని రసాయనాలు లోపలికి తెప్పించుకుని, గదిలోనే చిన్న ప్రయోగశాల పెట్టేశాడు. ఒక గాజు పాత్రలో హైపోలో కరిగించిన బంగారు లవణం, అంటే ఫోటోలు కడగడానికి వాడే అదే హైపో. అందులో జర్మన్ సిల్వర్ టీ చెంచా ఒకటి, బంగారు నాణెం ఒకటి. డేనియల్ సెల్‌లో, అంటే ఆనాటి ఒక రకం బ్యాటరీలో, జింకు వైపు తీగ చెంచాకి, రాగి వైపు తీగ నాణేనికి. కొద్ది నిమిషాల్లో చెంచా మీద మెరిసే బంగారు పూత వచ్చింది.

ఇందులో కీలకం హైపో. మామూలు బంగారు క్లోరైడ్‌లో చెంచా ముంచితే కరెంటు లేకుండానే లోహం బంగారాన్ని లాగేసుకుంటుంది. ఆ పూత గోధుమరంగు పొడిలా ఉంటుంది, తుడిస్తే పోతుంది. హైపోలో బంగారం గట్టిగా కట్టుబడి ఉంటుంది కాబట్టి కరెంటు తోసిన మేరకే నెమ్మదిగా దిగుతుంది. కరెంటు ఎక్కువైతే ఇక్కడా పూత నల్లబడుతుంది. నాణెం అటు కరుగుతూ, తరిగిన బంగారాన్ని ద్రావణంలో నింపుతుంటుంది. ఆ పద్ధతి హక్కును మాగ్డెబర్గ్ నగల వ్యాపారికి 40 లూయీ బంగారు నాణేలకు అమ్మాడు. ఈలోగా రాజు క్షమాభిక్ష వచ్చింది. ఇంకొన్నాళ్లు ఉండనివ్వండి, పని మధ్యలో ఉందని అడిగితే, ఒప్పుకోకుండా బయటికి పంపేశారు. 1842లో ప్రష్యా పేటెంటు చేతికొచ్చింది.

అయినా అసలు గొప్ప పని గట్టాపర్చాతో చేసింది. అది మలయా చెట్ల పాలు. వేడి చేస్తే ముద్దలా మెత్తబడుతుంది, చల్లారితే గట్టిపడి కరెంటును కదలనివ్వదు. లండన్ నుంచి తమ్ముడు విల్హెల్మ్ నమూనా పంపాడు. అప్పటికి భూమిలో వేసే తీగకు సరైన తొడుగు లేదు. గట్టాపర్చా రేకుల మధ్య తీగ పెట్టి రోలర్లతో అదిమితే రెండు పక్కలా అతుకు మిగులుతుంది. కొన్నాళ్లకు అతుకు విడుతుంది, తడి చేరుతుంది. 1847లో ఈయన హాల్‌స్కే అనే మెకానిక్‌తో కలిసి ఒక ప్రెస్ చేయించాడు. జంతికల గిద్దెలు ఊహించుకోండి: వేడి ముద్దను బలంగా నెడితే రంధ్రంలోంచి వస్తుంది, ఆ రంధ్రం నడిమధ్య నుంచి రాగి తీగ కూడా వస్తుంది. చుట్టూ అతుకులేని తొడుగు. 1848లో డెన్మార్క్‌తో యుద్ధం వస్తే కీల్ రేవులో నీటి అడుగున మందుపాతరలు పెట్టి, ఒడ్డు నుంచి పేల్చడానికి వేసింది ఇలాంటి తీగలే. డేనిష్ ఓడలు ఆ వైపు రాలేదు.

అదే ఏడాది ప్రష్యా ప్రభుత్వం బెర్లిన్–ఫ్రాంక్‌ఫర్ట్ టెలిగ్రాఫ్ లైను పని ఇచ్చింది. 1849 మార్చి 28న ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూడిన జర్మన్ జాతీయ సభ ప్రష్యా రాజును జర్మనీ చక్రవర్తిగా ఎన్నుకున్న కబురు ఈ లైను మీద గంటలోపే బెర్లిన్ చేరింది. అందరూ ఇక్కడ చప్పట్లు కొట్టి ఆపేస్తారు. తర్వాత ఏమైందో చెప్పాలి కదా! ఆ భూగర్భ లైన్లు కొన్నేళ్లకే పాడయ్యాయి. కారణాలు మూడు. ఖర్చు తగ్గించడానికి తీగను రైలు కట్ట పక్కన అడుగున్నర, రెండడుగుల లోతులోనే పూడ్చారు. పైన ఇనుప తొడుగు లేదు. ఎలుకలు కొరికాయి, పలుగులు తగిలాయి. మూడోది గంధకం. గట్టాపర్చా గట్టిపడాలని గంధకం కలిపారు. అది రాగిని పట్టుకుని రాగి సల్ఫైడు అయింది. రాగి సల్ఫైడులో కరెంటు పారుతుంది. అంటే తొడుగు లోపలి నుంచే చెడింది.

సీమెన్స్ 1849లో సైన్యం వదిలి, 1847లోనే హాల్‌స్కేతో మొదలుపెట్టిన వర్క్‌షాపు (తర్వాతి సీమెన్స్ కంపెనీ) మీద కూర్చున్నాడు. 1851లో ఈ లోపాలన్నీ విడమరిచి ఒక చిన్న పుస్తకం వేశాడు. ప్రష్యా టెలిగ్రాఫ్ శాఖకు కోపమొచ్చి కొన్నేళ్లపాటు ఆర్డర్లు ఆపేసింది. కంపెనీని అప్పుడు నిలబెట్టింది రష్యా టెలిగ్రాఫ్ పనులు. 1870లో లండన్ నుంచి కలకత్తాకు 28 నిమిషాల్లో సందేశం చేరిన లైనులో, టెహ్రాన్ దాకా సీమెన్స్ సోదరులు వేసిన భాగమంతా దాదాపు, భూమిలో కాకుండా, స్తంభాల మీదే నడిచింది.